ఆఫర్ లెటర్‌లో ఆర్బిట్రేషన్ క్లాజు ఉంటే లేబర్ ఆఫీసు దారి మూసుకుపోయినట్టేనా? బెంగళూరు ఉద్యోగులు కలిసి ఫిర్యాదు చేసే పద్ధతి

బెంగళూరులో ఉద్యోగంలో చేరేటప్పుడు వచ్చే ఆఫర్ లెటర్‌లో అందరూ చూసేవి మూడే: జీతం అనెక్జర్, జాయినింగ్ తేదీ, నోటీస్ పీరియడ్ 60 రోజులా 90 రోజులా అన్నది. తర్వాత ఓటీపీ కొట్టి ఈ-సైన్ చేసేస్తారు. చివరి పేజీల్లో ఎక్కడో "వివాదాల పరిష్కారం" అన్న శీర్షిక కింద ఇలాంటి మాటలుంటాయి:

"ఈ ఉద్యోగానికి సంబంధించిన ప్రతి వివాదాన్నీ కంపెనీ నియమించే ఏకైక ఆర్బిట్రేటర్ ముందే తేల్చుకోవాలి. ఆర్బిట్రేషన్ ముంబయిలో జరుగుతుంది. ఉద్యోగి తన వివాదాన్ని ఒంటరిగానే లేవనెత్తాలి. ఇతర ఉద్యోగులతో కలిసి గానీ, వారి తరఫున గానీ లేవనెత్తరాదు."

ఆర్బిట్రేషన్ అంటే కోర్టుకు బదులు ఒక ప్రైవేటు మధ్యవర్తి (ఆర్బిట్రేటర్) తీర్పు చెప్పే పద్ధతి. లేఆఫ్ మీటింగ్‌లో హెచ్‌ఆర్ ఈ పేజీ తెరిచి, లేబర్ ఆఫీసుకు వెళ్లే హక్కు మీరు ఎప్పుడో వదులుకున్నారని చెబుతారు. చాలామంది నిజమే కాబోలు అనుకుని పీజీ ఖాళీ చేసి ఊరి బస్సెక్కేస్తారు. కానీ పైనున్న వాక్యాలన్నిటికీ ఒకే బలం లేదు. కొన్ని కొందరి మీద నిలుస్తాయి, కొన్ని అసలు నిలవవు. మీ మీద ఏది నిలుస్తుందో తేల్చేది మీ సంతకం కాదు, మీరు రోజూ చేసే పని.

ఒంటరిగానే రావాలన్న షరతు ఎక్కడిది?

అది అమెరికా సరుకు. అక్కడ 1925 నాటి ఫెడరల్ ఆర్బిట్రేషన్ చట్టానికీ, ఉద్యోగులు పరస్పర రక్షణ కోసం కలిసి నడిచే హక్కు ఇచ్చిన 1935 నాటి నేషనల్ లేబర్ రిలేషన్స్ చట్టం సెక్షన్ 7కూ మధ్య చాలాకాలం పేచీ నడిచింది. 2018 మే 21న ఎపిక్ సిస్టమ్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో కంపెనీల వైపు మొగ్గింది. ఎవరి కేసు వాళ్లే ఆర్బిట్రేషన్‌లో నడుపుకోవాలన్న షరతు చెల్లుతుందని జస్టిస్ గోర్సచ్ రాశారు, జస్టిస్ గిన్స్‌బర్గ్ గట్టిగా విభేదించారు. 2022లో ఒక చట్టం తెచ్చి లైంగిక వేధింపుల కేసులను మాత్రం ఈ బంధనం నుంచి విడిపించారు.

ఆ తీర్పుకు మన దగ్గర విలువ లేదు. అక్కడి హెడ్డాఫీసు వాడే నమూనానే ఇక్కడి లీగల్ టీమ్ తెచ్చి అతికిస్తుంది, అంతే. విచిత్రమేమిటంటే అమెరికా సెక్షన్ 7లోని మాటలే దాదాపు యథాతథంగా మన చట్టంలోనూ ఉన్నాయి. ఉమ్మడి బేరసారాల కోసం, పరస్పర సహాయం లేదా రక్షణ కోసం కార్మికులు కలిసి చేసే పనులను యజమాని అడ్డుకోవడం అన్యాయ కార్మిక విధానమని 1947 పారిశ్రామిక వివాదాల చట్టం అయిదో షెడ్యూల్ చెప్పింది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 రెండో షెడ్యూల్‌లో కూడా అదే మాట ఉంది. కాబట్టి "కలిసి రాకూడదు" అన్న వాక్యం చూసి మీరు భయపడనక్కర్లేదు. మీరు వర్కర్ అయితే అది రాసిన కంపెనీయే ఇరుకున పడొచ్చు.

ముందు తేలాల్సింది: మీరు "వర్కర్" అవునా, కాదా

పాత చట్టంలో వర్క్‌మన్ అన్నా, కొత్త కోడ్‌లో వర్కర్ అన్నా తత్వం ఒకటే. చేతిపని, నైపుణ్యం ఉన్న పని, సాంకేతిక పని, ఆపరేషనల్ పని, గుమాస్తా పని చేసేవాళ్లంతా ఇందులోకి వస్తారు. సాఫ్ట్‌వేర్ కోడ్ రాసేవాడు, టెస్టింగ్ చేసేవాడు, సపోర్ట్ టికెట్లు మూసేవాడు సాధారణంగా లోపలే. ప్రధానంగా మేనేజర్ లేదా అడ్మినిస్ట్రేటివ్ హోదాలో పనిచేసేవాళ్లు బయట. సూపర్‌వైజరీ పని చేస్తూ నెలకు 18,000 రూపాయలకు మించి తీసుకునేవాళ్లూ బయటే.

ఈ 18,000 దగ్గరే అందరూ పప్పులో కాలేస్తారు. అది సూపర్‌వైజర్లకు మాత్రమే పెట్టిన గీత. సాంకేతిక పని చేసేవారికి జీతం పరిమితి లేదు. నెలకు లక్షన్నర తీసుకునే డెవలపర్ కూడా చేసే పనిని బట్టి వర్కర్ కావచ్చు. హోదా పేరును బట్టి కాదు, ప్రధానంగా చేసే పనిని బట్టే చూడాలని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది.

ఉదాహరణకు వైట్‌ఫీల్డ్‌లో ఒకరి కార్డు మీద "అసిస్టెంట్ మేనేజర్, సపోర్ట్" అని ఉందనుకుందాం. షిఫ్టులో కూర్చుని రోజుకు పాతిక టికెట్లు చూస్తారు. కింద ఎవరూ లేరు, సెలవు కావాలంటే తానే ఇంకొకరికి పెట్టుకోవాలి. ఈ మనిషి పేరుకే మేనేజర్. పక్క వరసలో "టీమ్ లీడ్" అన్న పేరుతో ఇంకొకరున్నారు. ఎనిమిది మంది సెలవులు ఆమోదిస్తారు, అప్రైజల్ రేటింగ్ వేస్తారు, ఎవరిని తీసేయాలో రాసిస్తారు. ఈయన వర్కర్ అని నిరూపించడం కష్టం. చాలామంది ఈ ఇద్దరికీ మధ్యలో ఉంటారు, సగం కోడ్ రాస్తూ సగం పంచిపెడుతూ. అక్కడ రోజులో ఎక్కువ సమయం ఏ పనికి పోయిందన్నదే తేలాలి.

వర్కర్‌నని నిరూపించుకునే భారం మీదే. కాబట్టి సెలవు పోర్టల్‌లో మీ "అప్రూవర్" ఎవరో కనిపించే స్క్రీన్, షిఫ్ట్ రోస్టర్, అప్రైజల్ ఫారంలో మీకిచ్చిన లక్ష్యాల జాబితా, ఎన్ని టికెట్లు మూశారన్న లెక్క ముందే దగ్గరుంచుకోండి. క్లయింట్ పేరు, కస్టమర్ డేటా, సోర్స్ కోడ్ మాత్రం ఒక్క లైను కూడా పర్సనల్ మెయిల్‌కు పంపొద్దు. వర్కర్ అని తేలే సమయానికి డేటా దొంగతనం అని ఇంకో ఛార్జిషీటు వస్తుంది. అసలు వివాదం అక్కడే పక్కదారి పడుతుంది.

వర్కర్ అయితే క్లాజు ఎందుకు నిలవదు

తొలగింపు, రిట్రెంచ్‌మెంట్ (శిక్షగా కాకుండా ఉద్యోగంలోంచి తీసేయడం), పని షరతుల మార్పు వంటి వివాదాలకు పరిష్కారం చూపించింది కార్మిక చట్టమే. వాటిని వినడానికి ప్రత్యేక వేదికలనూ అదే పెట్టింది. చట్టమే పుట్టించిన హక్కుకు చట్టం చూపిన వేదికే గతి అని 1975లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2012లో కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ జీతం బకాయిల కేసులో బాంబే హైకోర్టు, అలాంటి వివాదాలను ప్రైవేటు ఆర్బిట్రేషన్‌కు పంపడం కుదరదంది. మనకు దగ్గరిది 2017లో కర్ణాటక హైకోర్టు ఇచ్చిన ఇన్నోవిటి ఎంబెడెడ్ సొల్యూషన్స్ తీర్పు. కంపెనీ ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 8 కింద లేబర్ కోర్టు కేసును ఆర్బిట్రేటర్‌కు మళ్లించాలని చూస్తే అది చెల్లదని ఇక్కడి కోర్టే చెప్పింది. కన్సిలియేషన్ (లేబర్ అధికారి ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి రాజీకి ప్రయత్నించడం) అర్జీలో ముందుగా ఎత్తి చూపాల్సిన తీర్పు అదే.

కార్మిక చట్టంలోనూ ఆర్బిట్రేషన్ ఉంది కదా అని కంపెనీ వకీలు అడుగుతారు. ఉంది. పాత చట్టంలో సెక్షన్ 10ఏ, కోడ్‌లో సెక్షన్ 42. అయితే అది తలెత్తిన, లేదా తలెత్తబోతున్న ఫలానా వివాదం మీద ఇరుపక్షాలు రాసుకునే ఒప్పందం. దాని కాపీ ప్రభుత్వానికీ కన్సిలియేషన్ ఆఫీసర్‌కూ పంపాలి. మామూలు ఆర్బిట్రేషన్ చట్టం దానికి వర్తించదు. మీరు చేరిన మొదటి రోజున ఏ వివాదమూ లేనప్పుడు పెట్టిన ఈ-సైన్ ఆ కోవలోకి రాదు.

తొలగింపు మెయిల్ వచ్చిన రోజు

మధ్యాహ్నం మీటింగ్ అయితే సాయంత్రానికి లాగిన్ పోతుంది. అందుకే ఆఫర్ లెటర్, ఇంక్రిమెంట్ లెటర్లు, కనీసం పన్నెండు నెలల పేస్లిప్పులు, ఫారం 16, పాలసీ పుస్తకంలో సెవరెన్స్ (తొలగిస్తే ఇచ్చే డబ్బు) ఉన్న పేజీ పర్సనల్ ఫోల్డర్‌లో ఎప్పుడూ ఉండాలి. ఇవి మీ కాగితాలే. పీఎఫ్ పాస్‌బుక్ ఎప్పుడైనా దొరుకుతుంది, తొందరేమీ లేదు.

"రిజైన్ చేస్తే ఎక్స్‌పీరియన్స్ లెటర్ బాగుంటుంది" అని అడుగుతారు. ఇక్కడే ఎక్కువ కేసులు చచ్చిపోతాయి. తొలగించడానికి కారణం చూపాలి, పరిహారం లెక్క కట్టాలి. రాజీనామాకు ఇవేవీ అక్కర్లేదు. ఒత్తిడికి లొంగి ఇచ్చేసినా అదే రోజు రాత్రి పర్సనల్ మెయిల్ నుంచి హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పెట్టండి: ఎన్ని గంటలకు ఏ గదిలో కూర్చోబెట్టారు, ఎవరెవరున్నారు, ఏమన్నారు, రాజీనామా నా ఇష్టంతో ఇచ్చింది కాదు, ఉపసంహరించుకుంటున్నాను. మూడు వారాల తర్వాత రాసిన మెయిల్‌కు ఆ బలం ఉండదు.

కంపెనీ ఇస్తానన్న మొత్తం ముందు పెట్టుకుని చట్టం లెక్క వేయండి. ఏడాది నిరంతర సర్వీసున్న వర్కర్‌ను రిట్రెంచ్ చేస్తే నెల నోటీసు లేదా నెల జీతం, ఆ పైన పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. ఆరు నెలలు దాటిన భాగాన్ని ఏడాదిగా లెక్కిస్తారు. వేతనం 60,000, సర్వీసు 4 ఏళ్ల 7 నెలలు అనుకుంటే 30,000 చొప్పున అయిదేళ్లకు 1,50,000. నోటీసు నెల 60,000. రీస్కిల్లింగ్ నిధి కింద 15 రోజుల వేతనం 30,000 విడిగా మీ ఖాతాలో పడాలి. మొత్తం 2,40,000. గ్రాట్యుటీ దీనికి సంబంధం లేని వేరే లెక్క. రెండు నెలల జీతం ఇస్తాం, 1,20,000 తీసుకుని "ఇక నాకే బకాయీ లేదు" అని సంతకం పెట్టమంటే, ఆ సంతకం ఖరీదు 1,20,000 అన్నమాట. డబ్బు అత్యవసరమైతే తీసుకోండి గానీ "నా చట్టబద్ధ హక్కులకు భంగం లేకుండా స్వీకరిస్తున్నాను" అని చేత్తో రాసి, ఫొటో తీసుకున్నాకే కాగితం ఇవ్వండి.

పది మంది ఒక్కటయ్యేటప్పుడు

ఒక్కరిని తొలగిస్తే ఎవరి మద్దతూ అక్కర్లేదు, ఆ ఒక్కడి వివాదమే పారిశ్రామిక వివాదం. షిఫ్ట్ అలవెన్స్ కోత, వేరియబుల్ పే ఎగ్గొట్టడం, సెలవుల విధానం మార్పు వంటి ఉమ్మడి విషయాలకు మాత్రం యూనియన్ గానీ, ఆ సంస్థలో గణనీయమైన సంఖ్యలో సహోద్యోగులు గానీ వెనక నిలబడాలి. ఇంత శాతం అని గీత లేదు. అరవై మంది ప్రాజెక్టులో నలుగురు సంతకం పెడితే అధికారి పెదవి విరుస్తారు, పాతిక మంది పెడితే కూర్చోమంటారు.

తీర్మానం ఒక్క పేజీలో ఉంటే చాలు. పైన సమస్య రెండు వాక్యాల్లో, మాకు వీరు ప్రాతినిధ్యం వహిస్తారంటూ ముగ్గురు నలుగురి పేర్లు, కింద పట్టిక: పేరు, ఉద్యోగి నంబర్, పని, సంతకం, తేదీ. తేదీ ఎవరి చేత్తో వాళ్లే వేయాలి. మద్దతు కేసు మొదలైనప్పుడే ఉందా, తర్వాత అతికించారా అని రెండేళ్ల తర్వాత అడిగినప్పుడు అక్కరకొచ్చేది ఆ తేదీయే. గూగుల్ ఫారంలో వచ్చిన పేర్లు సంఖ్య తెలుసుకోవడానికి పనికొస్తాయి తప్ప సంతకానికి బదులు కావు.

వాట్సాప్ గ్రూపు ఆఫీస్ ఫోన్‌లో, ఆఫీస్ వైఫైలో వద్దు. అందులో మేనేజర్ మీద జోకులు, బూతులు, క్లయింట్ పేర్లు ఉండకూడదు. గ్రూపులో ప్రతి ముక్కా రేపు హెచ్‌ఆర్ టేబుల్ మీద ఉంటుందనుకునే రాయండి, ఎందుకంటే సాధారణంగా ఉంటుంది.

ఆవేశంలో జరిగే పెద్ద పొరపాటు "అందరం శుక్రవారం క్యాజువల్ లీవ్ పెడదాం" అనుకోవడం. కొత్త కోడ్‌లో ఒకే రోజు 50 శాతం లేదా అంతకు మించి వర్కర్లు కూడబలుక్కుని క్యాజువల్ లీవ్ పెడితే అది సమ్మె. సమ్మెకు 14 రోజుల ముందస్తు నోటీసు ఉండాలి, కన్సిలియేషన్ నడుస్తుండగా చేయకూడదు. అక్రమ సమ్మెలో పాల్గొన్న వర్కర్‌కు 1,000 నుంచి 10,000 రూపాయల జరిమానా గానీ, నెల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. బ్యాడ్జీలు పెట్టుకోవడానికి, ఉమ్మడి మెయిల్ పంపడానికి, లంచ్ టైంలో బయట నిలబడి మాట్లాడుకోవడానికి ఈ చిక్కు లేదు.

యూనియన్ సంగతి. బెంగళూరులో 2017 నుంచి కర్ణాటక రాష్ట్ర ఐటీ, ఐటీఈఎస్ ఉద్యోగుల సంఘం ఉంది, అందరూ కిటూ అంటారు. కొత్త సంఘం కోసం కనీసం ఏడుగురు దరఖాస్తు చేయాలి, సంస్థలో పది శాతం లేదా వంద మంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. లేఆఫ్ అయ్యాక కొత్త సంఘం పెట్టడం కంటే ఉన్నదానిలో చేరడమే తెలివైన పని. యూనియన్ ఆఫీస్ బేరర్ మీ తరఫున కన్సిలియేషన్‌లో కూర్చోవచ్చు, వకీలు ఫీజు మిగులుతుంది.

లేబర్ ఆఫీసులో

ప్రైవేటు ఐటీ సంస్థలకు సంబంధించిన అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. కార్మిక శాఖ ప్రధాన కార్యాలయం బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవనలో ఉంది, ఏ డివిజన్ అధికారి మీ కంపెనీ ఉన్న ప్రాంతాన్ని చూస్తారో అక్కడ తెలుస్తుంది. వర్క్ ఫ్రమ్ హోమ్‌లో అనంతపురం నుంచో నెల్లూరు నుంచో పనిచేస్తుండగా తీసేసినా, మీ ఆఫీసు బెంగళూరులో ఉంటే ఇక్కడే వేయడం మంచిది. ఊళ్లో వేస్తే మొదటి రెండు వాయిదాలు పరిధి మీదే పోతాయి.

మాటలు తెలుగులో సాగినా అర్జీ మాత్రం కన్నడంలోనో ఇంగ్లిష్‌లోనో ఉండాలి. రెండు పేజీలు మించొద్దు. మొదటి పేరాలో ఎప్పుడు చేరారు, ఏ పని, ఎంత వేతనం. రెండో పేరాలో రోజువారీ పని, వర్కర్ అని నిలబెట్టేలా. తర్వాత ఏం జరిగింది, తేదీలతో. చివర్లో ఏం కావాలి: తిరిగి ఉద్యోగం, పాత జీతం, లేదా చట్టబద్ధ పరిహారం. కంపెనీ చేసిన అన్యాయాలన్నీ ఏకరువు పెడితే అసలుది మునిగిపోతుంది. కాపీలు మూడు: ఆఫీసుకొకటి, కంపెనీకి స్పీడ్ పోస్టులో ఒకటి, సీల్, తేదీ వేయించుకుని మీకొకటి. ఆ సీలు వేసిన కాపీ పోతే గడువులన్నీ నోటి మాటలే అవుతాయి.

గడువులు చూడండి. కన్సిలియేషన్ అధికారికి అర్జీ ఇచ్చిన 45 రోజుల్లో తేలకపోతే తొలగించిన వర్కర్ నేరుగా ట్రిబ్యునల్‌కు (పారిశ్రామిక వివాదాలు వినే కోర్టు లాంటి వేదికకు) వెళ్లొచ్చు. తొలగించిన రోజు నుంచి రెండేళ్లలోపే వెళ్లాలి. పాత చట్టంలో ఇది మూడేళ్లు, ఇంకా మూడేళ్లే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఉమ్మడి వివాదంలో రాజీ కుదరలేదని అధికారి నివేదిక ఇస్తే, అది అందిన 90 రోజుల్లో ట్రిబ్యునల్ తలుపు తట్టాలి.

ఇంకొక చిన్న అస్త్రం. ఐటీ సంస్థలకు స్టాండింగ్ ఆర్డర్ల (సంస్థలో పని షరతులు, క్రమశిక్షణ నియమాల) చట్టం నుంచి ఇచ్చిన మినహాయింపును కర్ణాటక ప్రభుత్వం 2024లో మరో అయిదేళ్లు పొడిగించింది. ఉద్యోగుల ప్రతినిధులు సమానంగా ఉండే గ్రీవెన్స్ కమిటీ ఉండాలని, సస్పెన్షన్లు, తొలగింపుల సమాచారం లేబర్ అధికారులకు పంపాలని దానికి షరతులు పెట్టింది. మీ తొలగింపు సమాచారం శాఖకు చేరిందా అని ఆర్టీఐ కింద అడగండి. "చేరలేదు" అన్న ఒక్క పంక్తి జవాబు కన్సిలియేషన్ టేబుల్ మీద చాలా పనిచేస్తుంది.

కంపెనీ ఆర్బిట్రేషన్ నోటీసు పంపితే

ఒక్కోసారి కంపెనీయే ముందు కదులుతుంది. బాండ్ డబ్బు కట్టాలనో, ఒప్పందం ఉల్లంఘించారనో చెప్పి ఒక ఆర్బిట్రేటర్ పేరుతో నోటీసు పంపుతుంది. పక్కన పడేస్తే మీరు లేకుండానే అవార్డు (ఆర్బిట్రేటర్ తీర్పు) వచ్చేస్తుంది. 30 రోజుల్లోపు జవాబివ్వండి, జవాబు చిన్నగా ఉంటే చాలు:

"నేను వర్కర్‌ను. నా తొలగింపు వివాదం ఫలానా తేదీన కన్సిలియేషన్ అధికారి ముందు దాఖలైంది, దానిని ఆర్బిట్రేషన్‌లో తేల్చడం చెల్లదు. మీరు ఏకపక్షంగా పేర్కొన్న ఆర్బిట్రేటర్ నియామకానికి నేను అంగీకరించడం లేదు. ఈ జవాబు ఆర్బిట్రేషన్‌లో పాల్గొనడానికి సమ్మతిగా భావించరాదు."

వివాదంతో సంబంధమున్న పక్షం తానే ఏకైక ఆర్బిట్రేటర్‌ను నియమించడం కుదరదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కంపెనీ ఉద్యోగి, సలహాదారు వంటివాళ్లు ఆర్బిట్రేటర్‌గా పనికిరారని ఆర్బిట్రేషన్ చట్టం ఏడో షెడ్యూల్ చెబుతోంది. ఈ రక్షణ పోయేది ఒకే దారిలో: వివాదం వచ్చిన తర్వాత మీరే రాతపూర్వకంగా వదులుకుంటే. "ఆర్బిట్రేటర్ మీద మీకు అభ్యంతరం లేదని ధ్రువీకరించండి" అన్న మర్యాదపూర్వకమైన మెయిల్‌కు "ఓకే, నో అబ్జెక్షన్" అని కొట్టిన జవాబు అలాంటి వదులుకోవడమే అంటారు. ఆర్బిట్రేటర్ ముందు హాజరు కావాల్సి వచ్చినా, పరిధి లేదన్న అభ్యంతరం డిఫెన్స్ స్టేట్‌మెంట్ వేసే లోపే రాతలో పడాలి.

బాండ్ విషయంలో వర్కర్ వాదన ఒక్కటే సరిపోకపోవచ్చు, ఎందుకంటే అది ఒప్పందం మీది డబ్బు. అక్కడ శిక్షణకు నిజంగా ఎంత ఖర్చయిందో బిల్లులు అడగండి. ఒప్పందంలో రెండు లక్షలని రాసినా ఇవ్వాల్సింది సబబైన పరిహారమే, ఆ అంకె దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే.

మేనేజర్ల సంగతి

వర్కర్ కానివారిని ఆర్బిట్రేషన్ క్లాజు చాలావరకు కట్టిపడేస్తుంది. ఉద్యోగ ఒప్పందంలో ఫలానా ఊరి కోర్టులే అని రాస్తే అదీ చెల్లుతుందని 2025లో సుప్రీంకోర్టు అంది. కాబట్టి ముంబయి అని ఉంటే ముంబయే. అయినా మూడు దారులు తెరిచే ఉంటాయి. జీతం బకాయి ఉంటే వేతనాల కోడ్ కింద క్లెయిమ్ వేయొచ్చు. అందులో "ఎంప్లాయీ" అంటే మేనేజర్ కూడా. రాజీనామా చేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో వేతనం సెటిల్ చేయాలి. ఒకే సంస్థలో ఎంతమందైనా కలిసి ఒకే దరఖాస్తు పెట్టుకోవచ్చు, గడువు మూడేళ్లు. ఈ హక్కును వదులుకుంటున్నానన్న ఒప్పందం చెల్లదని కోడే చెబుతోంది. "ఒంటరిగానే రావాలి" అన్న వాక్యానికి ఇక్కడ మేనేజర్ల విషయంలోనూ పని లేదు. పీఎఫ్‌కు ఈపీఎఫ్ఓ, గ్రాట్యుటీకి దాని అధికారి. లైంగిక వేధింపుల ఫిర్యాదు ఇంటర్నల్ కమిటీకే, మూడు నెలల్లోపు.

మిగిలిన బోనస్, స్టాక్ వంటివి ఆర్బిట్రేషన్‌లోనే తేలాలి. ఖర్చు చూసుకోండి. ఆర్బిట్రేషన్ చట్టం నాలుగో షెడ్యూల్ నమూనా ప్రకారం 8 లక్షల క్లెయిమ్‌కు మొదటి 5 లక్షలకు 45,000, మిగతా 3 లక్షల మీద 3.5 శాతం అంటే 10,500, ఏకైక ఆర్బిట్రేటర్ కాబట్టి పావు వంతు అదనం, మొత్తం 69,375. సగం చొప్పున పంచుకున్నా మీ వాటా దాదాపు 34,700, వకీలు ఫీజు కాకుండా. అమెరికాలో ఇదే లెక్కను కంపెనీల మీదికి తిప్పారు. 2020 ఫిబ్రవరిలో డోర్‌డాష్ కంపెనీ 5 వేల మందికి పైగా డెలివరీ వర్కర్లతో విడివిడిగా ఆర్బిట్రేషన్ నడపాలని శాన్‌ఫ్రాన్సిస్కోలో జడ్జి ఆదేశించారు, ఒక్కొక్క కేసుకీ ఫీజు కంపెనీదే. మన దగ్గర ఫీజు సాధారణంగా చెరిసగం కాబట్టి ఆ ఎత్తు నేరుగా పారదు. క్లాజులో "ఖర్చు కంపెనీ భరిస్తుంది" అని ఉంటే మాత్రం ముప్ఫై మంది ఒకే రోజున, ఒకే వకీలుతో, వేర్వేరు నోటీసులు పంపి చూడొచ్చు. రెండో వారంలో మాటలకు పిలుపు వచ్చే అవకాశం ఉంది.

చేరబోయేవాళ్లు క్లాజు తీసేయమని అడిగితే తీయరు. మూడు మార్పులు అడగండి: స్థలం బెంగళూరు, ఆర్బిట్రేటర్ నియామకం కర్ణాటక హైకోర్టుకు అనుబంధంగా ఉన్న బెంగళూరు ఆర్బిట్రేషన్ సెంటర్ ద్వారా, ఖర్చు కంపెనీది. సీనియర్ ఉద్యోగాల్లో మొదటిది సులువుగా ఒప్పుకుంటారు.

స్విగ్గీ, ఉబర్ వంటి యాప్‌ల మీద బతికే డెలివరీ, క్యాబ్ వాళ్లను పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో వర్కర్లుగా చూడరు. వాళ్లకు కర్ణాటక 2025లో వేరే చట్టం తెచ్చింది. కాంట్రాక్టును కన్నడం, ఇంగ్లిష్‌తో పాటు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషలో కూడా ఇమ్మని అడిగే వీలు అందులో ఉంది. హిందూపురం నుంచి వచ్చిన రైడర్ తెలుగులో అడగొచ్చు.

రాజీ కుదిరితే

కన్సిలియేషన్ అధికారి ముందు కుదిరిన ఒప్పందం సంస్థలోని వర్కర్లందరినీ కట్టేస్తుంది, సంతకం పెట్టనివారిని కూడా. అధికారి లేకుండా హెచ్‌ఆర్ గదిలో కుదిరింది సంతకం చేసినవారినే కట్టేస్తుంది. పది మందికి మంచి బేరం కుదిరి మిగతా నలభై మందికీ వర్తించాలంటే మొదటిదే పట్టుబట్టండి. నలుగురికి ఎక్కువిచ్చి గ్రూపును చీల్చే ప్రయత్నం కనిపిస్తే అప్పుడూ అదే. ముసాయిదాలో మూడు చోట్ల పెన్ను ఆపాలి: "భవిష్యత్తులో తలెత్తే క్లెయిములన్నీ" అన్న మాట, చెల్లింపు తేదీ లేకుండా "త్వరలో" అన్న మాట, రిలీవింగ్ లెటర్‌లో ఏం రాస్తారో చెప్పకుండా వదిలేసిన ఖాళీ. తేదీ వేయించండి, ఆ రోజుకు డబ్బు పడకపోతే వడ్డీ ఎంతో రాయించండి, రిలీవింగ్ లెటర్ నమూనాను అనుబంధంగా కుట్టించండి. అప్పుడు సంతకం పెట్టండి.